మా ఆయన గళ్ల సేద్యం

మా అనంతపురం జిల్లాలో కరువు తగలని సేద్యం నేను ఒక్కటే చూశాను. అది మా ఆయన చేసిన సేద్యం. దానికి వాన అక్కరలేదు, బోరు అక్కరలేదు, విత్తనాల కోసం తెల్లవారకముందే చెప్పులు లైన్లో పెట్టి కూర్చోవలసిన పని లేదు. ఒక నొక్కుకు నేల దున్నుకుంటుంది, ఇంకో నొక్కుకు విత్తనం పడుతుంది, పొద్దున వేసిన స్ట్రాబెర్రీ సాయంత్రానికి కోతకు వస్తుంది. అనంతపురంలో స్ట్రాబెర్రీ! మా చేలో శెనక్కాయ చెట్టు ఊడలు దిగకముందే మాడిపోతుంటే, ఈయన కంప్యూటర్లో గుమ్మడికాయలు కోసీ కోసీ మణికట్టు నొప్పెడుతోందని మూలిగేవాడు. నన్ను జండూబామ్ రాయమనేవాడు కూడా.

అప్పటికి మేము రాప్తాడులో ఉండేవాళ్లం. మా ఆయన అనంతపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడు. చేను, పశువులు, కూలోళ్లు అన్నీ మా అత్త, నేను చూసుకునేవాళ్లం. ఆదివారం పూట ఆయన చేను గట్టు మీదికొచ్చి, నడుముకు చేతులు పెట్టుకుని నిలబడి, ఎండ ఎక్కువగా ఉందని చెప్పి వెళ్లిపోయేవాడు. ఆ సంగతి మాకు తెలియదనుకున్నాడు కాబోలు.

ఇంట్లోకి ఫోను తీగతో పాటు ఇంటర్నెట్ వచ్చిన యేడు ఈ కంప్యూటర్ సేద్యం ఆట మొదలైంది. ఆయన స్కూల్లో సార్లందరికీ ఇదే పిచ్చి. మీసాలు నెరిసిన లెక్కల సారు, పిల్లల్ని బెత్తంతో వాయించే సైన్సు సారు, స్టాఫు రూములో కూర్చుని “మీరు పంపిన ఆవు అందినాది సార్, చానా థ్యాంక్స్” అని చెప్పుకునేవాళ్లట. కరెంటు పోతే పంటలు ఎండిపోతాయని మా ఆయన ఇన్వర్టర్ కొన్నాడు. చేలో మోటారుకు కరెంటు రాక వరసగా ఎన్ని యేండ్లు ఎన్ని పంటలు పోయాయో, అప్పుడెప్పుడూ ఆయనకు ఇన్వర్టర్ గుర్తు రాలేదు.

సరే, పంటలదాకా అయితే నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. ఆయన అసలు పిచ్చి పంటల మీద కాదు, జాగా మీద. ఆ ఆటలో భూమి గళ్లు గళ్లుగా ఉంటుంది. ఆడేకొద్దీ పశువుల కొట్టం, కోళ్ల గూడు, గుర్రాల సాల, గాలిమర, బంగళా, ఇలా ఒక్కొక్కటే వచ్చిపడతాయి. ఒక్కోటి ఇన్ని గళ్లు తినేస్తుంది. కట్టడాలు పెరిగితే పంటకు గళ్లు తగ్గుతాయి. కాబట్టి తక్కువ గళ్లలో ఎక్కువ కట్టడాలు ఇరికించినవాడే మొనగాడు. మా ఆయన ఆ మొనగాడు. విప్పిన చొక్కా కొక్కేనికి తగిలించడం రాని మనిషి, ఆ తెర మీద మాత్రం కొట్టాలను అటు తిప్పి ఇటు తిప్పి, వెంట్రుక దూరనంత దగ్గరగా పేర్చేవాడు.

ఒక రోజు నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయి చూపించాడు.

“ఇదో, ఈడ చూడు. ముందర ఈ రెండు కొట్టాలు ఎదురెదురుగా ఉండె. నడమ ఎంత జాగా వేస్టు! ఇప్పుడు వీపుకు వీపు ఆనిచ్చినా.”

“తలుపులు యాడుండాయి?” అని అడిగాను.

“గోడకల్లా తిరిగి ఉండాయి.”

“మరి ఆవులు లోపలికి ఎట్ల పోతాయప్పా?”

“అవి పోయేదేమిటికి? నొక్కితే లోపలే ఉంటాయి. నీకు అర్థం కాదులే.”

ఇంకొక ఘనకార్యం కూడా చూపించాడు. ఆటలో ఒక రైతు బొమ్మ ఉంటుంది. నొక్కిన చోటికల్లా నడుచుకుంటూ పోయి పని చేసి వస్తుంది. ఆ నడకకు టైము దండగ అని మా ఆయన ఆ రైతును ఒక గడిలో నిలబెట్టి, చుట్టూ గడ్డిమోపులు పేర్చి, కదలకుండా బంధించేశాడు. అట్లా చేస్తే పనులన్నీ చకచకా అయిపోతాయట. రైతు కాళ్లు కట్టేస్తే సేద్యం బాగుపడుతుందని కనిపెట్టిన మహానుభావుడికి ఏ శాలువా కప్పాలో నాకు తోచలేదు.

ఈ పిచ్చి తెర దాటి బయటికి రాకపోయి ఉంటే ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు.

మా ఇంటి వెనక కల్లందొడ్డి ఉండేది. ఒక మూల బోదగడ్డి కప్పిన పశువుల కొట్టం, ఒక మూల పశువుల మేతకు శెనక్కాయ కట్టె వామి, ఇంకో మూల ఎరువుదిబ్బ. నడిమధ్య అంతా ఉత్త జాగా. మా పక్క ఎవరి కల్లందొడ్డి చూసినా అంతే, నడుమ జాగా వదిలే ఉంచుతారు. శెనక్కాయలు ఎండబోసేది అక్కడే, పశువు ఒళ్లు విరుచుకునేది అక్కడే. చూడి పశువు ఈనే రోజు దగ్గర పడితే కొట్టంలోంచి విప్పి ఆ జాగాలోనే కట్టేస్తారు. అది తన ఇష్టం వచ్చినట్టు తిరిగి, ఇష్టం వచ్చిన పక్కకు పడుకుని ఈనుతుంది. ఆ జాగాను ఎవరూ ఏమీ అనరు, దానికి పేరు కూడా లేదు. మా ఆయన కళ్లకు మాత్రం అదంతా ఖాళీ గళ్లు.

అప్పుడు మా కొట్టంలో ఉన్నది ఒకే ఒక్క ఎనుము, మీరు గేదె అంటారే, అదే. అది నాది. శింగనమల దగ్గర మా పుట్టింట్లో మా అవ్వకాలం నుంచి ఒకే సంతతి ఎనుములు ఉండేవి. పొట్టి కొమ్ములు, నొసట తెల్ల చుక్క, చిక్కటి పాలు. వరస కరువుల్లో మేత లేక మా నాయన ఒక్కొక్కదాన్నే సంతకు తోలాడు. చివరికి మిగిలిన, ఇంకా ఈనని పడ్డను దళారికి ఇవ్వబుద్ధి కాక టెంపోలో ఎక్కించి మా ఇంటికి తోలుకొచ్చాడు. “దీన్నొక్కదాన్ని నిలబెట్టు పాపా” అన్నాడు. కాఫీ కూడా తాగకుండా అదే టెంపోలో వెళ్లిపోయాడు.

నేను నిలబెట్టాను. ఊరంతా పశువులను అమ్ముకున్న యేడు కూడా దూరాల నుంచి కట్టె తెప్పించి మేపాను. కానీ అది ఈనిన ప్రతిసారీ దున్నదూడే. ఈసారి మళ్లీ చూలు నిలిచింది. ముసలిదైపోయింది, ఇదే దాని ఆఖరు ఈత అని మా అత్త తేల్చి చెప్పింది. ఈసారి పెయ్యదూడ పుడితే మా నాయన సంతతి నిలిచినట్టు, లేకపోతే దీంతో సరి. ఆ యేడంతా నేను దేవుణ్ణి అడిగింది అదొక్కటే. హాస్టల్లో చదివే మా పిల్లల మార్కుల గురించి కూడా అడగలేదు.

మా ఆయన కల్లందొడ్డి ప్లాను కంప్యూటర్లో గీశాడు. కొట్టం, స్నానాల గది, మోటారుసైకిల్ షెడ్డు, తనకొక కంప్యూటర్ గది. అన్నీ ఒకదానికొకటి అతుక్కుని, ఒకే గోడ రెండు గదులకూ పనికొచ్చేటట్టు. కట్టె వామి కొట్టం మిద్దె మీదికి ఎక్కింది. ఎరువుదిబ్బ ప్రహరీ అవతలికి పోయింది.

మా అత్త కళ్లద్దాలు పెట్టుకుని ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది.

“రేయ్, ఎనుము యాడ తిరుక్కుంటాదిరా?”

“తిరుక్కునే పనే లేదుమా. రివర్సులో లోపలికి పంపిస్తాం. మొగం వాకిట్లోకి ఉంటాది. మేత గాడి కూడా వాకిట్లోనే పెడతాండా. మేత వేసేదానికి మీరు లోపలికి పొయ్యే పని తప్పుతాది.”

“ఎనుముకు రివర్సు గేరు పెట్టించినావా నువ్వు?” అన్నాను నేను.

“మీకేమి చెప్పినా ఇంతే. కొత్తదంటే పడదు మీకు.”

నేను గట్టిగానే పోట్లాడాను. మా అత్త అన్నం మానేసింది కూడా. ఆయన సరేలే అన్నాడు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మా చెల్లెలి కూతురి పేరు పెట్టే పండగకని నేను, అత్త శింగనమలకు పోయి, వారం పది రోజులు ఉండి వచ్చేసరికి, పాత కొట్టం లేదు. గోడలు లేచిపోయాయి. సిమెంటు తడి కూడా ఆరలేదు.

“నువ్వన్నా చెప్పకూడదా?” అని మేస్త్రీ సాయిబును నిలదీశాను.

“సారు గీసిచ్చినాడక్కా, నేను కట్టినా. మీ ఇంట్లో మీరు మాట్లాడుకోలేదని నాకేమెరుక?” అన్నాడాయన తాపీ కడుక్కుంటూ. నిజమే, ఆయన్ని అని ఏం లాభం.

మా ఆయన మహా తెలివైన పని ఒకటి చేశాడట. కట్టేముందు ఎనుమును మూతి నుంచి తోకదాకా టేపుతో కొలిచాడట. పొడవు, వెడల్పు రాసుకుని, దానికి సరిగ్గా సరిపోయేటట్టు కొట్టం కట్టించాడు. బెత్తెడు జాగా కూడా వేస్టు కానీయలేదని మురిసిపోయాడు. ఫోటో తీసి స్టాఫు రూములో చూపిస్తే సార్లంతా శభాష్ అన్నారట. ఏం సార్లో! వాళ్లలో ఒక్కడు కూడా పశువు పడుకోవడం చూసిన పాపాన పోలేదేమో. మా ఆయన కొలిచింది నిలబడ్డ ఎనుమును. పడుకుంటే అది కాళ్లు చాపుతుందని, మెడ వాలుస్తుందని, వెనక్కు జరుగుతుందని ఆ టేపు చెప్పదు కదా.

ఆ రోజు నుంచి మా ఇంట్లో సాయంత్రం పూట సర్కస్ మొదలైంది. మా అత్త ఎనుము నొసటి మీద చేతులు ఆనించి “వెనక్కి పో, వెనక్కి పో తల్లీ” అని నెట్టేది. నేను తోక పట్టుకుని వాకిలికి సూటిగా తిప్పేదాన్ని. ఎనుము మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసేది. మా ఇద్దరికీ మతి పోయిందని దానికి గట్టి నమ్మకం. వెనక్కు పోయాక దాని పిర్రలు గోడకు ఆనేవి. ఆ గోడకు అవతల కంప్యూటర్ గది. “ఎనుము గోడకు రుద్దుకుంటాంటే నా టేబులు అదురుతాంది, కొంచెం చెప్పు” అని ఆయన అరిచేవాడు. ఎనుముకు నేను చెప్పాలట! నాకు పళ్లు కొరుక్కోవడమే పని అయిపోయింది.

కార్తీకమాసంలో ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, అత్త కొట్టం దగ్గరికి పోయి కేక వేసింది. నేను గిన్నెలు వదిలేసి పరిగెత్తాను. పొద్దున చూసినప్పుడు ఇంకా రెండు రోజులు పట్టేటట్టుంది, అందుకే విప్పి బయట కట్టలేదు. కట్టడానికి జాగా కూడా లేదనుకోండి. ఇప్పుడు చూస్తే ఎనుము పడుకుని ఉంది. ఉమ్మనీరు పోయింది. లేపుదామని తాడు పట్టి లాగాం, బతిమాలాం, తిట్టాం. లేవలేదు. నొప్పి వచ్చినప్పుడల్లా వెనక్కు జరుగుతోంది. పిర్రలు గోడకు అదుముకుపోయాయి. దూడ బయటికి రావాలంటే గోడలోంచి రావాలి.

వెనక్కు పోయి సాయం చేద్దామంటే మనిషి దూరే సందు లేదు. అత్త గాడి ఎక్కి, ఎనుము మీదుగా పాకి చూసింది. “కాళ్లు కనపడతాండాయి, గోడకు తగులుతాండాయి. గోడ పగలగొట్టాల. బిరీన పగలగొట్టాల!” అని అరిచింది.

గడ్డపార తీసుకుని నేను కంప్యూటర్ గదిలోకి పోయాను. ఆయన తెర ముందు కూర్చుని ఉన్నాడు. ఇంత గోల గోడకు అవతలే జరుగుతుంటే ఆయనకు వినపడలేదా అంటే వినపడింది. వినపడుతూనే ఉంది.

“లెయ్, గోడ పగలగొట్టాల. దూడ ఇరుక్కునింది” అన్నాను.

“ఒక్క నిమిషం ఉండు. ఈ వరస కోసేస్తా. ఇప్పుడు కోయకపోతే అంతా ఎండిపోతాది.”

పెళ్లయినప్పటి నుంచి మా చేలో ఎండిపోయిన ఒక్క పంటకైనా ఆయన నోట్లోంచి ఆ మాట రాలేదు. నేను గడ్డపార ఎత్తాను. అప్పుడు లేచాడు. లేచి ఏం చేశాడనుకున్నారు? “ఆగు, ఆగు, ఇటుకలు మీద పడతాయి” అని తెర తీసి మంచం మీద పెట్టాడు. దాని మీద దుప్పటి కప్పాడు. కింద డబ్బా తీగలు ఒక్కొక్కటే విప్పాడు. ఏ తీగ ఎక్కడిదో మర్చిపోకుండా చూసుకుంటూ విప్పాడు. ఆ టేబులు తప్పుకునేదాకా నాకు గోడ అందదు. గోడకు అవతల ఎనుము మూలుగుతోంది, అత్త నా పేరు పెట్టి ఏడుస్తోంది. ఆ కాసేపు ఆయన మీద నాకు పుట్టిన అసహ్యం ఇంకే మనిషి మీదా పుట్టలేదు.

గోడ సగం ఇటుక మందమే, నాలుగు పోట్లకు పగిలింది. జాగా మిగల్చడానికి పల్చగా కట్టించాడు కదా, ఆ మాత్రం మేలు జరిగింది. సందులోంచి రెండు గిట్టలు, వాటి మీద ముట్టె కనిపించాయి. నేను గడ్డపారతో ఇటుకలు తప్పిస్తున్నాను, ఇంకెవరూ లేరు. “పట్టుకో! కిందికి లాగు!” అని అరిచాను. మా ఆయన చేతిలో టేపు లేకుండా పశువును ముట్టుకోవడం అదే మొదటిసారి. మోకాళ్ల మీద కూర్చుని, ఆ జారిపోయే కాళ్లను చొక్కాతో చుట్టి పట్టుకుని లాగాడు. దూడ ఒక్కసారిగా ఆయన ఒడిలో పడింది.

పెయ్యదూడ. నొసట తెల్ల చుక్క. నాలుక పక్కకు వేలాడుతోంది. నేను ముక్కులోని జిగురు తీశాను, చెవిలో ఊదాను, గడ్డితో ఒళ్లంతా రుద్దాను. అత్త వచ్చి ఒకసారి కంటిరెప్ప ఎత్తి చూసి, నా చెయ్యి పట్టుకుని ఆపింది. “పొయినాది పాపా. ఇంకొంచెం ముందర రావాల్సింది” అంది. ఆయన ఆ దూడను ఒడిలో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. నేను గట్టిగా ఏడ్చాను. మా నాయన పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు, నిజం చెప్తున్నా.

ఎనుము లేచి బయటికి వచ్చాక దూడను దాని ముందు పెట్టాం. చీకటిపడేదాకా నాకింది. ఆ తరువాత ఆయనే ఎత్తుకుపోయి చేలో పూడ్చి వచ్చాడు.

మరునాడు పొద్దున పాలకు కూర్చుంటే ఎనుము చేపలేదు. దూడ ముందర లేకపోతే ఎనుము పాలు దిగనివ్వదు, మా పక్క పిల్లలకు కూడా తెలుసు. పొదుగు రాయిలా గట్టిపడింది. చెయ్యి వేస్తే తన్నింది. అట్లాగే వదిలేస్తే పొదుగు చెడిపోతుంది, ఆ ఒక్క ఎనుమూ నాకు దక్కదు. అరుస్తూ తాడు పెరుక్కుంటోంది. ఎటు పెరుక్కుంటోందా అని చూస్తే, తీగ మీద ఆయన చొక్కా ఉంది. ఉమ్మనీరు, నెత్తురు అంటిన చొక్కా, ఇంకా ఉతకలేదు. అత్తకు వెంటనే తెలిసిపోయింది. చొక్కాను ఒక కర్రకు తొడిగి ముందు నిలబెట్టాం. ఎనుము ఒకసారి వాసన చూసి మొహం తిప్పుకుంది.

“రేయ్, రారా ఈటికి. తొడుక్కో” అంది అత్త.

“ఛీ, కంపు. ఏమ్మా నువ్వు...”

“తొడుక్కోమంటి కదా!”

ఆయన తొడుక్కుని వచ్చి దాని ముందు నిలబడ్డాడు. ఎనుము మెడ చాచింది. గొంతులోంచి చిన్నగా పిలిచింది. ఆయన ఛాతీ నాకింది, చెయ్యి నాకింది, గడ్డం కింద నాకింది. నా చేతిలో పొదుగు మెత్తబడింది. పాలు ధార కట్టాయి.

ఆ రోజు నుంచి రెండు పూటలా ఆయనకు అదే డ్యూటీ. స్కూలుకు పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి, ఆ కంపు చొక్కా తొడుక్కుని ఎనుము ముందు నిలబడాలి. కాలు కదిపితే పాలు ఎగబిగుస్తుంది. ఫోను మోగితే తీయడానికి లేదు. స్టాఫు రూములో తెలిసిపోయి సార్లు నవ్వారట. “ఏం దూడ సార్, పాలు తాగినారా?” అన్నారట. నవ్వనీ. శభాష్ అన్న నోళ్లే కదా. నాకు ఆయన మీద రవ్వంత కూడా జాలి వేయలేదు. ఎనుము నాలుకకు ఆయన చేతుల మీద చర్మం గీసుకుపోయింది. కొబ్బరినూనె రాయమని అడిగితే, సీసా చూపించి నా పని నేను చేసుకున్నాను.

కొన్నాళ్లకు చొక్కాలో వాసన పోయింది. వానలో తడిసింది, ఎండలో ఎండింది. ఎనుము ఇంక ఊరుకోదనుకున్నాం. ఆ సాయంత్రం కూడా ఆయన్ని చూసి మెడ చాచి, నాకి, చేపింది. ఆయన చాలాసేపు దాని మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

“అమ్మా, నేను దాని దూడ కాదని దీనికి తెలీదా?” అని అడిగాడు.

అత్త గాడిలో కట్టె సర్దుతోంది. తల తిప్పకుండానే చెప్పింది.

“తెలీకేమిరా. ఎప్పుడో తెలిసింటాది. ఏం చేసినావో కూడా తెలుసు. అయినా ఇస్తాండాది.”

అత్త ఆ మాట ఎనుము గురించే అంది. ఆయన మాత్రం నా వైపు చూశాడు. నేను తలెత్తలేదు. చెంబు నిండేదాకా పాలు పిండుతూనే ఉన్నాను.